బండి మీద నుంచి పడ్డానని ఎందుకు చెప్పావు తమ్ముడూ?

ప్రశ్న: మేడమ్, మాది కాజీపేట. జిరాక్స్ షాపు నడుపుకుంటున్నాను. మా చెల్లె హనుమకొండలో డిగ్రీ చదువుతోంది. మా గల్లీ అబ్బాయి ఒకడు ఆరు నెలలుగా బస్టాపు దాకా ఆమె వెంటపడుతున్నాడు. ఒక నంబరు బ్లాక్ చేస్తే ఇంకో నంబరు నుంచి మెసేజ్‌లు. అడగడానికి వెళ్లి, కోపం ఆగక చెంప మీద ఒకటి ఇచ్చాను. మర్నాడు రాత్రి షట్టర్ దించుతుంటే వెనక నుంచి ఇనుప రాడ్‌తో కొట్టాడు. ఎడమ మణికట్టు ఎముక విరిగింది. కేసు టెన్షన్ ఎందుకని ప్రైవేటు ఆస్పత్రిలో బండి మీద నుంచి పడ్డానని చెప్పాను. ఇప్పుడు పెద్దమనుషులు నలభై వేలు ఇప్పిస్తాం, వదిలేయమంటున్నారు. వాడికి శిక్ష పడుతుందా? ముందు చెయ్యి చేసుకున్నది నేనే కాబట్టి కేసు నా మీదికే తిరుగుతుందా?

- కాజీపేట పాఠకుడు

జవాబు: తమ్ముడూ, నీ ఉత్తరంలో నన్ను భయపెట్టింది రాడ్ కాదు, ఆస్పత్రిలో నువ్వు చెప్పిన ఆ మాట. కేస్ షీట్‌లో "ఫాల్ ఫ్రమ్ బైక్" అని రాసి ఉంటారు. రేపు కోర్టులో వాడి వకీలు ఆ లైను కింద వేలు పెట్టి నిన్ను నిలబెట్టి అడుగుతాడు. ఇరవై ఏళ్లుగా హనుమకొండ కోర్టులో చూస్తున్నాను, పరువుకో గొడవకో భయపడి ఇలా చెప్పినవాళ్లు ఎందరో.

అయినా దారి ఉంది. ఫిర్యాదులో ముందే రాసెయ్: ఆస్పత్రిలో అబద్ధం చెప్పాను, ఎందుకంటే భయపడ్డాను అని. చెంపదెబ్బ సంగతీ దాచకు. ఎక్స్‌రే ఫిల్మ్, బిల్లులు పట్టుకెళ్లు. పోలీసులు లెటరిస్తే వరంగల్ ఎంజీఎం ప్రభుత్వాస్పత్రిలో డాక్టరు చూసి గాయాల సర్టిఫికెట్ ఇస్తారు. కేసు బలమంతా ఆ కాగితంలోనే. ఎముక విరగడం చట్టంలో తీవ్ర గాయం, రెండు ముక్కలు కానక్కర్లేదు, చీలినా అంతే. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో సెక్షన్ 117(2) కింద దీనికి ఏడేళ్ల వరకు జైలు. రాడ్‌ను ప్రాణం తీయగల ఆయుధంగా కోర్టు ఒప్పుకుంటే 118(2): ఏడాదికి తగ్గకుండా, యావజ్జీవం దాకా.

నీ చెంపదెబ్బ కూడా నేరమే, కాదనను. కానీ అది 115(2): ఏడాది లోపు జైలో, పదివేల లోపు జరిమానానో, రెండూనో. దానొక్కదానికే అయితే మేజిస్ట్రేటు అనుమతి లేనిదే పోలీసులు దర్యాప్తు చేయరు. మర్నాడు రాత్రి కాచుకుని కొట్టినవాడు ఆత్మరక్షణ అంటే చెల్లదు.

ఇక చెల్లె విషయం. దీన్ని నీ చేతి గొడవలో ముంచేయకు. ఆమె పేరున, ఆమె సంతకంతో వేరే ఫిర్యాదు ఇప్పించు. వద్దన్నా వెంటపడటం సెక్షన్ 78. మొదటిసారి శిక్ష పడితే మూడేళ్ల వరకు, మళ్లీ పడితే ఐదేళ్ల వరకు. మొదటిసారి కేసులో బెయిల్ వస్తుంది, వాడు బయట తిరిగితే కేసు పోయిందనుకోవద్దు. "నాకు మెసేజ్ చేయకు" అని ఆమె పెట్టిన జవాబు ఒక్కటి దొరికినా బంగారం. ఫోన్ మార్చకండి, ఏదీ డిలీట్ చేయకండి. ఆడపిల్లల్ని వేధించేవాళ్ల పని పట్టే పోలీసు బృందం షీ టీమ్‌కు కూడా చెప్పవచ్చు.

స్టేషన్‌లో తీసుకోకపోతే అదే ఫిర్యాదు రిజిస్టర్ పోస్టులో కమిషనర్‌కు పంపు, తర్వాత మేజిస్ట్రేటు దగ్గరికి. మా ఏరియా కాదంటే జీరో ఎఫ్‌ఐఆర్ అడుగు, అంటే ఏ స్టేషన్‌లోనైనా నమోదు చేసి సరైన స్టేషన్‌కు పంపే ఎఫ్‌ఐఆర్. ఎఫ్‌ఐఆర్ కాపీ ఉచితం, నీ హక్కు.

పెద్దమనుషుల నలభై వేలా? నీ చెయ్యి నీది, కానీ 117 కేసును కూడా కోర్టు అనుమతి లేకుండా రాజీ చేసుకోలేవు. చెల్లె వెంటపడిన నేరం రాజీకి వీలున్న నేరాల్లోనే లేదు. అసలు ఆ పంచాయితీలో ఆమెను ఎవరైనా పిలిచారా? ఆదాయంతో పని లేకుండా మహిళలకు ఉచితంగా వకీలును ఇస్తారు. కోర్టు దగ్గర జిల్లా న్యాయసేవాధికార సంస్థకు సోమవారం ఆమెను తీసుకుపో. ఆధార్ జిరాక్స్ మర్చిపోకు, నీ షాపులోదేగా.