గడువు దాటాక జవాబుపత్రం నకలుకు వెయ్యి రూపాయలా?

ప్రశ్న: ఒక ప్రభుత్వ విశ్వవిద్యాలయం పరిధిలో ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదువుతున్నాను. రెండో సెమిస్టర్ ఫిజికల్ కెమిస్ట్రీలో 75కి 27 వేశారు. నమ్మశక్యంగా లేక జవాబుపత్రం నకలు కోసం సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టాను. పది రూపాయల పోస్టల్ ఆర్డర్ జతచేసి స్పీడ్ పోస్టులో పంపితే ఆగస్టు 4న అందింది. ఆ తర్వాత ఉలుకూ పలుకూ లేదు. ఫోన్ చేస్తే ‘ఎగ్జామినేషన్ బ్రాంచి నుంచి రాలేదమ్మా, అయినా అదంతా నీకెందుకు?’ అన్నారు. సెప్టెంబర్ 11న ఉత్తరం వచ్చింది. యూనివర్సిటీ రూల్స్ ప్రకారం వెయ్యి రూపాయల డీడీ పంపితే నకలు ఇస్తారట. గొడవెందుకు, కట్టేద్దాం అంటున్నారు నాన్న. ఏం చేయమంటారు?
– ఒక విద్యార్థిని, పార్వతీపురం

జవాబు: డీడీ తీయకండమ్మా. ఈ మాట నేను చెప్పానని నాన్నగారికి చెప్పండి.

మీ దరఖాస్తు ఆగస్టు 4న అందింది కాబట్టి ముప్పై రోజుల గడువు సెప్టెంబర్ 3తో అయిపోయింది. గడువులోగా జవాబు రాకపోతే నిరాకరించినట్టే లెక్క. సమాచార హక్కు చట్టం సెక్షన్ 7(6) ప్రకారం ఆ తర్వాత ఇచ్చే సమాచారానికి పైసా తీసుకోకూడదు. వాళ్లు గడువులోపే రాసి ఉన్నా వెయ్యి అడిగే వీల్లేదు. మన రాష్ట్ర ఫీజు నిబంధనల్లో పేజీకి రెండు రూపాయలే. 32 పేజీల బుక్‌లెట్‌కి ఎంతవుతుందో మీరే లెక్కేసుకోండి. సొంత రూల్స్‌తో ఎక్కువ ఫీజు పెట్టుకున్న సంస్థ అయినా, సమాచార హక్కు కింద అడిగినవాళ్లకు ఆ చట్టం ఫీజుకే ఇవ్వాలని కంపెనీ సెక్రటరీల ఇన్‌స్టిట్యూట్ కేసులో సుప్రీంకోర్టు 2019లో చెప్పింది. తన జవాబుపత్రం చూసుకునే హక్కు విద్యార్థికి ఉందని 2011లోనే సీబీఎస్ఈ కేసులో తేల్చేసింది. దిద్దినవారి పేరు, సంతకం మాత్రం కప్పేసి ఇస్తారు. ఇక ‘నీకెందుకు’ అన్న ప్రశ్న. అది అడిగే అధికారమే వాళ్లకు లేదు, సెక్షన్ 6(2) చూడండి.

నా ఉద్యోగమంతా యూనివర్సిటీ సెక్షన్లలోనే గడిచింది కాబట్టి మీ కాగితం ఎక్కడ ఆగిందో చెప్పగలను. తపాలు సెక్షన్‌లో ఇన్‌వర్డ్ ముద్ర పడుతుంది. రిజిస్ట్రార్ పేషీ మీదుగా పౌర సమాచార అధికారికి (పీఐఓ) చేరుతుంది. ఆయన దగ్గర మీ జవాబుపత్రం ఉండదు. ఎగ్జామినేషన్ బ్రాంచికి ఓ నోట్ పెట్టి చేతులు దులుపుకుంటాడు. అక్కడ స్పాట్ వాల్యుయేషన్ నడుస్తుంటే ఆ నోట్ ట్రేలో అడుగుకు పోతుంది. పత్రాలు కోడ్ నంబర్ల వారీగా గోనెసంచుల్లో ఉంటాయి. మీ నంబరున్న బండిల్ దించాలంటే ఒక అసిస్టెంటు, ఒక అటెండరు ఓ పూట కూర్చోవాలి. ఎవరూ చెప్పందే ఎవరూ కూర్చోరు. చాలావరకు ఇదే కథ, దీంట్లో కుట్ర వెతకనక్కర్లేదు. అయితే ‘బ్రాంచి నుంచి రాలేదు’ అన్నది చట్టం ముందు నిలిచే సాకు కాదు. పీఐఓ సాయం కోరిన అధికారి కూడా ఆ విషయంలో పీఐఓ కిందే లెక్క. జరిమానా ఆయన మెడకూ చుట్టుకుంటుంది. అది సెక్షన్ 5(5). అప్పీలులో ఈ సెక్షన్ నంబరు రాయండి, గోనెసంచి తొందరగా కిందికి దిగుతుంది.

మొదటి అప్పీలు అక్టోబర్ 3 లోపు అందేలా పంపండి. పీఐఓకి పైఅధికారి ఎవరో, సాధారణంగా రిజిస్ట్రార్, ఆయన పేరిట. ఫీజు లేదు. దరఖాస్తు కాపీ, వాళ్ల ఉత్తరం, స్పీడ్ పోస్టు ట్రాకింగ్ ప్రింటు జత చేయండి. ఆ ప్రింటు ఇవాళే తీసుకోండి, కొన్నాళ్లకు వెబ్‌సైట్‌లో కనబడదు. రాయాల్సింది నాలుగు ముక్కలే: ఎప్పుడు అందింది, గడువు ఎప్పుడు దాటింది, 7(6) కింద ఉచితంగా ఇవ్వాలి, అప్పీలు తేలేదాకా నా జవాబుపత్రాన్ని ధ్వంసం చేయవద్దు.

ఆ నాలుగోదే అసలైంది. జవాబుపత్రాల్ని కలకాలం దాచరు. ఫలితాలొచ్చాక ఇన్ని నెలలు అని రూలు ఉంటుంది, అది దాటితే పాత కాగితాల కింద అమ్మేస్తారు. గడువు దాటాక దరఖాస్తు పెడితే ‘లేదు’ అనవచ్చని సుప్రీంకోర్టే అంది. మీరు పత్రం ఉండగానే అడిగారు, ఆ సంగతి తేదీలతో సహా కాగితం మీద ఉండాలి. ఆలస్యం చేసేవాళ్లకు కాలమే కలిసొచ్చే చోటు ఇదొక్కటే.

ఇంకో మాట. సమాచార హక్కు మార్కులు పెంచదు. రీవాల్యుయేషన్‌కి చివరి తేదీ ఇంకా దాటకపోతే ముందు అది కట్టండి. సప్లిమెంటరీ ఫీజు కూడా ఆపకండి. నకలు వచ్చాక చూద్దాంలే అని కూర్చున్న పిల్లలు ఏడాది పోగొట్టుకోవడం చూశాను.

ప్రశ్న: పీహెచ్‌డీ అడ్మిషన్ల రోస్టర్ (ఏ సీటు ఏ రిజర్వేషన్ వర్గానికో చూపే పట్టిక) వివరాలు సమాచార హక్కు కింద అడిగితే యూనివర్సిటీ ఇవ్వలేదు. మొదటి అప్పీలుకీ జవాబు లేదు. రాష్ట్ర సమాచార కమిషన్‌కి ఫిర్యాదు పెట్టమని మిత్రులు అంటున్నారు. ఆలస్యం చేసిన అధికారికి వేసే రోజుకు 250 రూపాయల జరిమానా నాకే వస్తుందా?
– ఒక పరిశోధక విద్యార్థి, హనుమకొండ

జవాబు: రాదు, అది ప్రభుత్వ ఖజానాకి. 25 వేలు దాటదు కూడా. మీకు నష్టం జరిగిందని చూపిస్తే పరిహారం వేరే అడగవచ్చు.

ఫిర్యాదు పెట్టకండి, అదే కమిషన్‌కి రెండో అప్పీలు వేయండి. సెక్షన్ 18 కింద ఫిర్యాదు మీద కమిషన్ జరిమానా వేయగలదు గానీ సమాచారం ఇప్పించలేదని మణిపూర్ కేసులో 2011లో సుప్రీంకోర్టు చెప్పింది. మీకు కావలసింది రోస్టర్ కదా. మొదటి అప్పీలు గడువు ముగిసిన నాటి నుంచి 90 రోజులుంది. త్వరగా తేలుతుందని మాత్రం ఆశ పెట్టుకోకండి. తెలంగాణ కమిషన్‌లో 2023 ఫిబ్రవరి నుంచి రెండేళ్లకు పైగా ఒక్క కమిషనరైనా లేకుండా నడిచింది. ఆ బకాయిల వెనకే మీ వరస. ఈలోపు రోస్టర్ రిజిస్టర్‌ని స్వయంగా చూసుకుంటానని మరో దరఖాస్తు పెట్టండి. నకళ్లు తీయాల్సిన పని తప్పుతుంది కాబట్టి సెక్షన్ వాళ్లు తనిఖీకి తొందరగా ఒప్పుకుంటారు.