ఇమ్యూనిటీ ఉన్నా లివర్ క్యాన్సర్ ఎందుకు పెరుగుతోంది?

ప్రశ్న: మాది పలమనేరు దగ్గర పల్లె. మా నాన్నకు 58 ఏళ్లు. ఎప్పటి నుంచో హెపటైటిస్-బి ఉంది. ఇప్పుడు లివర్ క్యాన్సర్ అని, ఆపరేషన్‌కు వీలు కాదని, ఇమ్యునోథెరపీ చేయించమని తిరుపతిలో డాక్టర్లు చెప్పారు. బంధువులేమో ఇమ్యూనిటీ తగ్గడం వల్లే వచ్చింది, తిప్పతీగ కషాయం తాగిస్తే చాలంటున్నారు. చాలా టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?
– ఓ పాఠకురాలు, చిత్తూరు జిల్లా

జవాబు: అమ్మా, కషాయం జోలికి అసలు వెళ్లకండి. తిప్పతీగ వాడి కాలేయం దెబ్బతిన్నవాళ్లు మన దేశంలోనే ఉన్నారు. కాలేయం కాస్త బాగా పనిచేస్తుంటేనే మీ నాన్నగారు ఈ చికిత్సను తట్టుకోగలరు.

పైగా ఇక్కడ సమస్య రోగనిరోధక కణాలు తగ్గిపోవడం కాదు. గడ్డ నుంచి తీసిన ముక్కను మైక్రోస్కోప్‌లో చూస్తే చాలామందిలో క్యాన్సర్ కణాల పక్కనే, వాటిని చంపాల్సిన టి-కణాలు (ఒక రకం తెల్ల రక్తకణాలు) కనిపిస్తాయి. ఉంటాయి, కానీ చంపవు. పేగుల నుంచి వచ్చే రక్తం ముందుగా కాలేయానికే చేరుతుంది. అందులో వచ్చే ఆహారపు అంశాలు, బ్యాక్టీరియా ముక్కలు అన్నిటి మీదా దాడి చేస్తే కాలేయమే వాచిపోతుంది. అందుకే అక్కడి రోగనిరోధక కణాలకు సహజంగానే ఓర్పు ఎక్కువ. క్యాన్సర్‌కు కలిసొచ్చేది అదే. ఏళ్ల తరబడి వైరస్‌తో, తర్వాత క్యాన్సర్‌తో పోరాడిన టి-కణాల మీద పీడీ-1 అనే ప్రొటీన్ పెరిగిపోతుంది. క్యాన్సర్ కణాలు, వాటి చుట్టూ చేరిన మాక్రోఫేజ్‌లు అనే మరో రకం రోగనిరోధక కణాలు తమ మీదున్న పీడీ-ఎల్1 అనే ప్రొటీన్‌తో దాన్ని పట్టుకోగానే టి-కణానికి బ్రేక్ పడుతుంది. మొదట తన సంఖ్య పెంచుకోలేదు, పోనుపోను చంపే శక్తీ పోతుంది.

ఈ బ్రేక్ తీసే చికిత్సే ఇమ్యునోథెరపీ. మందు పేరు మీరు రాయలేదు. ఎక్కువగా ఇచ్చేది 2020లో అమెరికాలో అనుమతి పొందిన అటెజోలిజుమాబ్, బెవాసిజుమాబ్ జోడీ. మొదటిది ఆ బ్రేక్ తీస్తుంది. రెండోది గడ్డకు కొత్త రక్తనాళాలు పుట్టకుండా ఆపుతుంది. మూడు వారాలకోసారి సెలైన్‌లా ఎక్కిస్తారు. అందరికీ పనిచేయదు, ఈ మాట దాచకూడదు. పదిమందిలో సుమారు ముగ్గురికి గడ్డ బాగా తగ్గుతుంది, ఇంకొందరిలో పెరగకుండా ఆగుతుంది. బెవాసిజుమాబ్‌తో రక్తస్రావం ప్రమాదం ఉంది కాబట్టి ముందుగా ఎండోస్కోపీ చేసి అన్నవాహికలో రక్తనాళాలు ఉబ్బాయేమో చూస్తారు. అది వద్దనకండి. మందు మొదలయ్యాక విరేచనాలు, ఆయాసం, కామెర్లు కనిపిస్తే ఆ రోజే ఆస్పత్రికి ఫోన్ చేయండి. బ్రేక్ తీసిన కణాలు సొంత అవయవాల మీదా పడొచ్చు.

హెపటైటిస్-బి మాత్రలు ఒక్క రోజు కూడా మానకూడదు. మీరు, మీ అమ్మగారు, తోబుట్టువులు హెపటైటిస్-బి ఉందో లేదో చెప్పే హెచ్‌బీఎస్‌ఏజీ రక్తపరీక్ష చేయించుకోండి. లేదని తేలితే, ఇదివరకు టీకా వేయించుకోనివాళ్లు ఇప్పుడైనా వేయించుకోండి.