తినని పామూ, ఇంట్లో రెండు పిల్లులూ

అబ్బయ్యా,

మీ పెంపుడు పాము, ఆ చిన్న కొండచిలువ రకం బాల్ పైథాన్, తిండి మానేసి నెల దాటిందనీ, మీ అమ్మ టెన్షన్ పడుతోందనీ రాశావు. నువ్వు పంపిన ఫొటోలు పెద్దవి చేసి చూశాను. వెన్నెముక గట్టులా పైకి తేలలేదు, తోక మొదట్లో ఒళ్లు నిండుగానే ఉంది, నోటి అంచున నురగ లేదు. ఆకలికి చచ్చిపోతుందేమోనన్న భయం ముందు వదిలేయండి. వీటి సొంత ఊరు పశ్చిమ, మధ్య ఆఫ్రికా. పెద్ద పాములైతే చల్లటి కాలంలో నెలల తరబడి తినకుండా ఉండి కూడా పెద్దగా చిక్కవు. మా ఒంగోలు ఇంట్లో ఉన్నది కార్తీకం నుంచి సంక్రాంతి దాకా ఎలుకని మూతి దగ్గర పెట్టినా పక్కకి తిరుగుతుంది.

నన్ను ఆపింది మూడో ఫొటో. తొట్టి జాలీ మూత మీద మీ నల్లపిల్లి పడుకుని ఉంది. తోక అద్దం మీదుగా వేలాడుతోంది. కింద పాము ముద్దగా చుట్టుకుని తల మధ్యలో దాచుకుంది. నీ పాము తినకపోవడానికి కారణం అక్కడే ఉందని నాకు అనిపిస్తోంది. దాని పై పెదవి వెంట వరసగా చిన్న గుంటలు ఉంటాయి, దగ్గర పెట్టి చూస్తే కనిపిస్తాయి. ఒంటి వేడిని అవి పసిగడతాయి. పిల్లి ఒంటి వేడి 38 డిగ్రీల పైనే. అంత వేడి జంతువు నెత్తిన కూర్చుని కదులుతుంటే ఆ పాముకి తిండి ధ్యాస ఎలా వస్తుంది? పిల్లి తప్పు కూడా ఏమీ లేదు. హీటర్ వల్ల ఆ మూత వెచ్చగా ఉంటుంది కాబట్టి ఎక్కింది.

కాబట్టి తొట్టిని హాల్లోంచి తీసి తలుపు వేసుకునే గదిలో పెట్టు. మీ వెనక గది చాలు, పెద్ద శబ్దాలు కూడా ఉండవు. మూడు పక్కలా నల్ల చార్టో అట్టో అంటించు, ముందు అద్దానికి గుడ్డ కట్టు. గాలి పోయే జాలీ మాత్రం మూయకు. మూతకి తాళం వేసే క్లిప్పులు తప్పనిసరి. మూతలో చిన్న సందు ఉన్నా పాము బయటికి వస్తుంది. దాన్ని పిల్లి ఒక్కసారి కొరికినా ఆ పంటి గాటు తొందరగా చీము పడుతుంది. లోపల దాక్కునే డబ్బాలు రెండు ఉండాలి, ఒకటి వేడి వైపు, ఒకటి చల్ల వైపు. ఒళ్లు గోడలకి తగిలేంత ఇరుకుగా ఉంటేనే దానికి ధైర్యం. ఫొటోలో ఉన్న ఆ పెద్ద ఇంటి బొమ్మ అందంగా ఉంది గానీ, దానికి పనికిరాదు. కింద కొబ్బరి పొట్టు పరుచు. నెల్లూరులో మొక్కల నర్సరీల్లో దొరుకుతుంది, తేమ కూడా పట్టి ఉంచుతుంది. గాలిలో తేమ 60 శాతం దగ్గర ఉంటే కుబుసం ఒకే ముక్కగా వస్తుంది. కళ్లు పాలు కలిపిన నీలంలా మసకబారిన రోజుల్లో తిండి అసలు చూపించకు, కుబుసం విడిచాక తనే వెతుక్కుంటుంది.

ఇదంతా చేశాక వారం పదిరోజులు దాన్ని ముట్టుకోకు. నీళ్లు మార్చు, వచ్చెయ్యి. నీకు ఇదే కష్టం, తెలుసు. ఎలుక పెట్టి, తీసి, మళ్లీ పెట్టి, చేత్తో ఎత్తి చూసి, మూతి తెరిచి చూస్తే ప్రతి ప్రయత్నమూ దాని భయాన్ని పెంచుతుంది. ఎప్పుడూ బలవంతంగా నోట్లో పెట్టకు. అది డాక్టర్ చేతి పని.

వేడి సంగతి జాగ్రత్తగా చదువు. వేడి వైపు 31, 32 డిగ్రీలు, చల్ల వైపు 26 దగ్గర ఉండాలి. తొట్టి కింద పెట్టే హీట్ మ్యాట్‌ని, వేడి హద్దు దాటకుండా చూసే థర్మోస్టాట్ లేకుండా వాడొద్దు, పాము పొట్ట కాలుతుంది. కానీ ఈ లెక్కలు పుస్తకంలో బావుంటాయి, మన రోహిణి కార్తెలో గది లోపలే 36 ఉంటుంది. అప్పుడు హీటర్ కట్టేసి, గడ్డకట్టిన నీళ్ల సీసాకి తువ్వాలు చుట్టి చల్ల వైపు బయటి గోడకి ఆనించి పెట్టు. వాయుగుండాలప్పుడు, ముఖ్యంగా నవంబర్‌లో, కరెంటు పోతే తొట్టి చుట్టూ దుప్పటి చుట్టు, ఆ రోజుల్లో తిండి పెట్టొద్దు. వేడి లేకపోతే లోపలికి పోయింది అరగదు, కక్కేస్తుంది. ఒకసారి కక్కిన పాము మళ్లీ తినడానికి చాలా రోజులు పడుతుంది.

ఇప్పుడు ఎలుక. ఫ్రీజర్లో పెట్టి అమ్మే పెంపకపు ఎలుకలే వాడు. పొలం ఎలుక వద్దేవద్దు. మన వరి పొలాల్లో జింక్ ఫాస్ఫైడ్, బ్రోమాడయోలోన్ లాంటి ఎలుకల మందులు పెడతారు, ఆ మందు తిన్న ఎలుకని తింటే పాముకీ ముప్పే. బతికున్న ఎలుకని వదిలితే అది పాము కంటిని కొరకొచ్చు. ఎలుక సైజు పాము నడిమి ఒంటి లావుకి మించకూడదు. ముందు రాత్రి ఫ్రిజ్‌లోని కింది అరలో, గట్టి మూత ఉన్న డబ్బాలో కరగనివ్వు. పెట్టే ముందు కవర్లో వేసి గోరువెచ్చని నీళ్లలో ముంచు. మైక్రోవేవ్ వద్దు, ఎలుక పొట్ట పగులుతుంది.

మన ఎండాకాలంలో ఎలుక ఒంటి వేడి, గది వేడి ఒకటే అయిపోతే పాముకి అది విడిగా కనబడదు. అందుకే తినిపించేది రాత్రి, గది చల్లబడ్డాక. ఎలుక తలని చివర్లో మరోసారి వేడి నీళ్లలో ముంచి 40 డిగ్రీల దాకా తెచ్చి, గుడ్డతో తుడిచి, పొడవాటి పట్టకారుతో నడుము దగ్గర పట్టుకుని డబ్బా గుమ్మం ముందు మెల్లగా కదిలించు. లైటు మసగ్గా ఉండాలి. మొదట నాలుక నిదానంగా ఆడుతుంది. తర్వాత మెడ వెనక్కి లాగి ఎస్ ఆకారంలో వంచుతుంది. ఆ క్షణంలో నువ్వు ఊపిరి బిగబట్టుకున్నా సరే గానీ, చెయ్యి వెనక్కి లాగొద్దు. పట్టుకుని చుట్టాక కూడా పట్టకారు ఒక్కసారి మెల్లగా లాగి వదులు. ఎలుక పెనుగులాడుతోందనుకుని గట్టిగా బిగిస్తుంది. తినకపోతే ఎలుకని డబ్బా ముందే వదిలేసి గది తలుపు వేసి వచ్చెయ్యి. పొద్దున ఉంటే పారెయ్యి, మళ్లీ ఫ్రీజ్ చెయ్యొద్దు. తర్వాతి ప్రయత్నం వారం తర్వాతే. తిన్నాక రెండు రోజులు చేతిలోకి తీసుకోకు.

ఆ రాత్రి పిల్లులకి కూడా అదే టైములో వేరే గదిలో కడుపునిండా పెట్టు. కరుగుతున్న ఎలుక వాసనకి అవి తలుపు గీకుతాయి, ఆ చప్పుడు పాముని చెడగొడుతుంది. పిల్లిని ముద్దు చేసిన చేత్తో తొట్టి తెరవకు. మోచేతుల దాకా సబ్బుతో కడుక్కో, చొక్కా మార్చుకుంటే ఇంకా మంచిది. పామును పట్టుకున్నాక కూడా అలాగే కడుక్కోవాలి, సాల్మొనెల్లా అనే సూక్ష్మజీవి వీటి ఒంటి మీద ఉంటుంది. తొట్టి గిన్నె వంటింటి సింకులో కడగొద్దు. ఎలుకలకి విడిగా చిన్న ఫ్రీజర్ కొంటే మీ అమ్మకీ కష్టం ఉండదు. ఆమె ఇంటి ఫ్రిజ్‌లో ఇవి నిల్వ పెట్టి గొడవ పడకు, ఆమె మాట న్యాయమే.

వంటింటి త్రాసు లాంటిది పాముకే విడిగా ఉంచి, దాని మీద వారానికోసారి బరువు చూసి రాసిపెట్టు. పిల్లి దూరమయ్యాక కూడా పదో వంతు బరువు తగ్గినా, నోరు తెరిచి ఊపిరి తీస్తున్నా, చిగుళ్లలో చీము కనిపించినా ఆలస్యం చెయ్యొద్దు. తిరుపతి వెటర్నరీ కాలేజీకి ముందు ఫోన్ చేసి, పాముల్ని చూసే డాక్టర్ ఉన్నారో కనుక్కుని తీసుకెళ్లు.

కాగితాలు కూడా చూసుకో. ఇది విదేశీ జాతి, 2024 నిబంధనల ప్రకారం కేంద్ర పర్యావరణ శాఖ వారి పరివేశ్ పోర్టల్లో రిజిస్టర్ చేయించాలి. నీకు ఇచ్చినవాళ్లు చేయించారో లేదో అడిగి, రశీదు తీసుకో. మన జెర్రిపోతులూ కొండచిలువలూ ఎవరైనా తెచ్చి ఇస్తామంటే మాత్రం తీసుకోవద్దు, 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం అది నేరం.

నా దగ్గర థర్మోస్టాట్ ఒకటి అదనంగా ఉంది, పట్టకారు కూడా. ఆదివారం మీ నాన్న ఒంగోలు వస్తున్నాడట, ఇచ్చి పంపుతాను. ఈలోపు తొట్టి గది మార్చేటప్పుడే బరువెంతో చూసి నాకు రాయి.

మీ అత్త