గుంటూరువాళ్లకు కారం నిజంగానే తక్కువగా తెలుస్తుందా?

గుంటూరులో పుట్టి పెరిగినవారికి కారం పుట్టుకతోనే తక్కువగా తెలుస్తుందా, లేక తెలిసినా ఓర్చుకుంటారా అని మీరు అడిగారు. నా అనుభవాన్ని బట్టి, తెలియడమే తగ్గుతుంది. అయితే అది పుట్టుకతో వచ్చింది కాదు, అలవాటు తప్పితే నిలిచేదీ కాదు.

డిగ్రీ పూర్తయిన వేసవిలో మిర్చి యార్డులో మా మేనమామగారి కమీషన్ కొట్టులో పద్దులు రాయడానికి కుదిరాను. తేజ రకం మిరపకాయల టిక్కీలు (బస్తాలు) విప్పినప్పుడల్లా తుమ్ములు, దగ్గు, కళ్ల వెంట నీళ్లు వచ్చేవి. నెల తిరిగేసరికి ఆ ఘాటు ఉందన్న ధ్యాసే పోయింది. ఆ తరువాత ఉద్యోగరీత్యా రెండేళ్లు ఒడిశాలో ఉండి, చప్పిడి తిండికి అలవాటుపడి ఇంటికి వచ్చినప్పుడు, అమ్మ చేసిన గోంగూర పచ్చడి మొదటి ముద్దకే పొలమారింది. "ఎప్పుడూ వేసేటన్నే మిరపకాయలు వేశానురా" అని అమ్మ నొచ్చుకుంది. పచ్చడి మారలేదు, మారింది నా నాలుకే.

షడ్రుచుల్లో కారాన్ని మనం లెక్కించినా, శాస్త్రం దృష్టిలో అది రుచి కాదు, నొప్పికీ వేడికీ సంబంధించిన సంవేదన. అందుకే రుచిమొగ్గలు లేని కంట్లో పడినా మండుతుంది. మిరపలోని క్యాప్సైసిన్ నరాల కొసల్లో ఉండే టీఆర్‌పీవీ1 అనే గ్రాహకాన్ని, అంటే వేడినీ నొప్పినీ పసిగట్టే ప్రోటీన్ ద్వారాన్ని, తెరుస్తుంది. సుమారు 43 డిగ్రీల సెల్సియస్ దాటిన వేడికి తెరుచుకునేదీ అదే. అమెరికా శాస్త్రవేత్త డేవిడ్ జూలియస్ బృందం 1997లో దీనిని కనుగొన్నది. 2021లో ఆయనకు మరో శాస్త్రవేత్త ఆర్డెమ్ పటాపూటియన్‌తో కలిపి నోబెల్ బహుమతి లభించింది. నిప్పు తగిలినా మిరపకాయ కొరికినా మనం "మంట" అనే అంటాం, ఆ మాట ఎంత సరైనదో ఇది చదివాకే నాకు తెలిసింది.

గ్రాహకం తెరుచుకున్నప్పుడు కణంలోకి కాల్షియం చేరుతుంది, ఆ కాల్షియమే గ్రాహకం స్పందనను తగ్గించే ప్రక్రియలనూ మొదలుపెడుతుంది. రోజూ కారం తినేవారిలో మంట తగ్గడానికి ఇదొక ముఖ్య కారణం. నొప్పులకు రాసే క్యాప్సైసిన్ పూతమందులూ ఈ మొద్దుబారే గుణం మీదే ఆధారపడ్డాయి. దీనికి తోడు మనసు చేసే పని ఒకటుంది: హాని లేదని తెలిసిన మంటను అది క్రమంగా లెక్కచేయడం మానేస్తుంది. నా విషయంలో ఏది ఎంత పనిచేసిందో విడదీయడం సాధ్యం కాదు గానీ, యార్డులో దగ్గు ఆగిపోవడం ఒక్క ఓర్పు వల్ల అయి ఉండదని నమ్ముతున్నాను.

మీ ఇంట్లో చిన్నపిల్లలుంటే ఒక్క మాట. కూర రుచి చూసి "కారం లేదులే, పెట్టు" అనే పెద్దవారి నాలుక వారికి కొలత కాదు. ఒకవేళ నోరు మండితే నీళ్లకన్నా పాలో పెరుగో ఇవ్వండి. క్యాప్సైసిన్ నీటిలో దాదాపు కరగదు, పాలలోని కేసీన్ అనే ప్రోటీన్ దానిని పట్టి తీసేస్తుంది. మా అక్కయ్య కొడుకు వచ్చినప్పుడు అమ్మ ఇప్పుడు పప్పును తాలింపుకు ముందే వాడి కోసం వేరే గిన్నెలోకి తీస్తోంది.