పాత కారవాన్ కొనేముందు చెమ్మ చూడండి

ప్రశ్న: మేము ఇంగ్లాండ్‌లోని లెస్టర్‌లో ఉంటున్నాం. నేను 2019లో ఇక్కడి డ్రైవింగ్ లైసెన్సు తీసుకున్నాను. కారు వెనక తగిలించుకొని తీసుకెళ్ళే 2014 నాటి కారవాన్ ఒకటి అమ్మకానికి వచ్చింది. సామానుతో కలిపి దాని గరిష్ఠ బరువు 1,350 కిలోలు, మా కారు బరువు 1,500 కిలోలు. లోపలంతా కొత్తదానిలా ఉంది, పిల్లలకూ ఎంతో నచ్చింది. అడ్వాన్సు ఇవ్వమంటారా?

జవాబు: అప్పుడే ఇవ్వకండి. ముందు చెమ్మ సంగతి తేల్చుకోవాలి. ఆ కాలపు కారవాన్లలో చాలావాటికి చెక్క చట్రం మీద పలుచని అల్యూమినియం రేకు బిగించి గోడలు కడతారు. కిటికీల చుట్టూ, మూలల పట్టీల కింద పూసిన సీలెంట్ ఏళ్ళు గడిచేకొద్దీ ఎండి పగిలిపోతే, ఆ సందుల్లోంచి దిగిన వాననీరు పైకి ఏ మరకా కనిపించనివ్వకుండానే లోపలి చెక్కను కుళ్ళబెడుతుంది. నిరుడు మేము చూసిన ఒక బండిలో దిండ్లకు కొత్త గలీబులు తొడిగి ఉన్నాయి కానీ, ముందు కిటికీ కింద మూలలో బొటనవేలితో నొక్కితే గోడ తడిసిన అట్టలా లోపలికి పోయింది. అందుచేత మంచాల కింది పెట్టెలు తెరిచి మూలలన్నీ తడిమి చూడండి. తలుపు దగ్గర, సింకు ముందు నిలబడి కాలితో నొక్కినప్పుడు నేల దిగబడినట్టు అనిపిస్తే ఆ బండి వద్దు. చెమ్మ కొలిచే మీటరుతో కారవాన్ మెకానిక్ చేత ప్రతి మూలా పరీక్ష చేయించి, అంకెలు కాగితం మీద రాయించుకోండి. 15 శాతం లోపు ఉంటే నిశ్చింతగా ఉండవచ్చు. 20 దాటితే మరమ్మతు తప్పకపోవచ్చు.

కారవాన్ ఎక్కువకాలం ఒకేచోట నిలిచి ఉంటుంది కనుక టైర్లు అరగకుండానే ముసలివైపోతాయి. టైరు పక్కన 2317 అని ఉంటే అది 2017లో 23వ వారంలో తయారైందని అర్థం. ఏడేళ్ళు దాటినవి చూడడానికి బాగున్నా మార్చవలసిందే.

మన సినిమా షూటింగుల్లో కనిపించే కారవాన్ సొంత ఇంజనుతో నడిచే బండి. మీరు చూసినదానికి ఇంజను ఉండదు కాబట్టి బ్రిటన్‌లో దానికి కారుకున్నట్టు లాగ్‌బుక్ అనే రిజిస్ట్రేషన్ పత్రం గానీ, రోడ్డు మీద నడిచే స్థితిలో ఉందో లేదో ఏటా చూసే ఎంఓటీ పరీక్ష గానీ ఉండవు. ఇందువల్లనే దొంగ బండ్లు తేలిగ్గా చేతులు మారుతుంటాయి. చాసిస్ మీద, కిటికీ అద్దాల మీద ఉండే 17 అక్షరాంకెల నంబరు అన్నిచోట్లా ఒకటేనా అని సరిచూసి, కారవాన్ల వివరాలు నమోదు చేసే క్రిస్ అనే రిజిస్టరులో ఆ నంబరుతో విచారిస్తే అది దొంగిలించిన బండో, దాని మీద అప్పు బాకీ ఉన్నదో తెలుస్తుంది. బండిని అమ్మేవారి ఇంటి దగ్గరే చూడండి.

మీ లైసెన్సు సరిపోతుంది; 2021 డిసెంబరు 16 నుంచి మామూలు కారు లైసెన్సుతోనే 3,500 కిలోల వరకు లాగవచ్చు. నా అభ్యంతరం బరువు విషయంలో. కారు తయారీదారు పెట్టిన పరిమితిని దాటకూడదన్నది చట్టం. అది కాక, కొత్తగా లాగేవారికి కారవాన్ బరువు కారు బరువులో 85 శాతం మించకూడదని ఇక్కడి అనుభవజ్ఞులు చెబుతారు. మీ కారుకు ఆ లెక్కన 1,275 కిలోలు వస్తుంది. మీరు చూసినది 90 శాతం. మోటార్‌వే మీద పెద్ద లారీ పక్కనుంచి దూసుకుపోయినప్పుడు వెనకబండి ఊగితే, అలవాటు లేని చేతులకు అదుపు చేయడం చాలా కష్టం. పిల్లలతో వెళ్ళేవారు గనుక చెబుతున్నాను, చెమ్మ లేదని తేలినా ఈ బండిని వదిలి 1,275 కిలోల లోపు దాన్ని వెతుక్కోండి.