రోడ్ బైక్‌కి రెండు చక్రాలూ 50 ఎంఎం లోతు రిమ్‌లవి తీసుకోవచ్చా, ముందుది తగ్గించాలా?

మీ బరువు 60 కేజీలు, ఉండేది హైదరాబాద్‌లో కోకాపేట వైపు, ఆదివారాలు లాంగ్ రైడ్లు, 50-50 సెట్ (ముందూ వెనకా రిమ్ లోతు, అంటే టైరు వైపు నుంచి ఇరుసు వైపుకి రిమ్ కొలత, 50 ఎంఎం) మీద మనసు పడింది అన్నారు. తీసుకోవచ్చండీ. కానీ మీ తేలిక బరువుకి నేనైతే ముందు 35, వెనక 50 అంటాను. నేను తొక్కేదీ అదే.

వెనక చక్రం ఫ్రేమ్‌లో బిగించి ఉంటుంది, మన బరువు ఎక్కువగా పడేదీ దాని మీదే. పక్కగాలి కొడితే బండి కాస్త జరుగుతుంది, అంతే. ముందు చక్రం హ్యాండిల్‌తో పాటు తిరిగేది కాబట్టి, రిమ్ లోతు పెరిగేకొద్దీ గాలి ఏకంగా స్టీరింగ్‌నే తిప్పేస్తుంది. టైమ్ ట్రయల్ (గడియారంతో ఒంటరిగా తొక్కే పోటీ) రైడర్లు వెనక పూర్తి డిస్క్, అంటే పుల్లలు కనపడని పళ్ళెంలాంటి చక్రం వేసుకున్నా, వెలోడ్రోమ్‌లో (సైకిల్ పోటీల ట్రాక్‌లో) తప్ప ముందు వేయరు.

మన ఊళ్ళో అసలు పరీక్ష జూన్, జూలైల్లో. ఓఆర్ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు) పక్కన సోలార్ కప్పున్న సైకిల్ ట్రాక్ మీద నార్సింగి నుంచి కొల్లూరు వైపు వెళ్ళి చూడండి. ఆ కప్పు ఎండనే ఆపుతుంది. ఒకే తీరుగా వీచే గాలికి కాస్త వాలి తొక్కేయొచ్చు, చిక్కంతా విసురుతోనే. సర్వీస్ రోడ్డులో ఏదో కాంపౌండ్ గోడ చాటున హాయిగా పోతుంటామా, గోడ అయిపోగానే హ్యాండిల్ ఎవరో గుంజినట్టవుతుంది. టిప్పర్ దాటేటప్పుడు ముందు బయటికి తోసి, వెంటనే లోపలికి లాగుతుంది. 50-50 మీద తొక్కే మా మిత్రుడు, నాకన్నా బరువైనవాడే, అలాంటి చోట్ల దాహం వేసినా బాటిల్ తీయడు.

నిజానికి ఏరో లాభం, అంటే గాలి అడ్డు తగ్గడం, ముందు చక్రానికే ఎక్కువ, గాలిని మొదట కోసేది అదే కదా. కాకపోతే గంటకి 30 వేగంలో 35కీ 50కీ తేడా కొద్ది వాట్లే. గాలికి జడిసి హుడ్స్ (బ్రేక్ లివర్ల పైభాగం) పట్టుకుని నిటారుగా కూర్చుంటే అంతకన్నా ఎక్కువే పోతుంది.

లోతు ఒక్కటే చూడకండి. పాత సన్నటి వి-ఆకారపు రిమ్ కన్నా, ఇప్పటి వెడల్పైన గుండ్రటి అంచు రిమ్ అదే లోతులో పక్కగాలికి చాలా నిలకడగా ఉంటుంది. 28 ఎంఎం టైరు వేస్తారు కాబట్టి రిమ్ లోపలి వెడల్పు 21 ఎంఎం ఉండేలా చూసుకోండి. రిమ్ బ్రేక్ (రిమ్‌నే పట్టి ఆపే బ్రేక్) బండి అయితే కార్బన్ రిమ్‌ల జోలికే వెళ్ళొద్దని నా సలహా.

స్పేర్ ట్యూబ్ 80 ఎంఎం వాల్వ్‌ది పెట్టుకోండి, రెండింటికీ పనికొస్తుంది. పొట్టి వాల్వ్ ట్యూబ్ అయితే 50 రిమ్‌లోంచి పంప్ పట్టేంత బయటికి రాదు.