ఎన్‌సీసీ ఎయిర్‌వింగ్: బడి పిల్లలు ఎలా చేరాలి?

ప్రశ్న: మా అమ్మాయి తొమ్మిదో తరగతికి వచ్చింది. పైలట్ అవుతానంటోంది. ఎన్‌సీసీ ఎయిర్‌వింగ్‌లో చేర్పించాలంటే ఎవరిని కలవాలి?
– ఒక తల్లి, తెనాలి

నేరుగా ఎన్‌సీసీ ఆఫీసుకు వెళ్లి లాభం లేదు, చేరేది బడి ద్వారానే. బడిలో ఎన్‌సీసీ చూసే టీచరును ఏఎన్‌వో అంటారు. ఆయన్ని రెండు సంగతులు అడగండి: మన బడికి ఇచ్చిన వింగ్ ఏది, ఈ ఏడాది ఖాళీలెన్ని? ఆర్మీ, నేవీ, ఎయిర్ అని మూడు వింగ్‌లున్నా ఏది కావాలో పిల్లలు ఎంచుకోలేరు. బడికి ఏది కేటాయిస్తే అదే. ఎక్కువ బళ్లలో ఉండేది ఆర్మీ వింగే.

బడి స్థాయిలో అబ్బాయిలది జూనియర్ డివిజన్, అమ్మాయిలది జూనియర్ వింగ్ (పైన చెప్పిన మూడు వింగ్‌లు వేరు, ఇది విభాగం పేరు మాత్రమే). వయసు 12 ఏళ్లు నిండి ఉండాలి, పద్దెనిమిదిన్నర దాటకూడదు. శిక్షణ రెండేళ్లు కాబట్టి ఎనిమిదిలో చేరడమే మంచిది. తొమ్మిదిలో చేరితే రెండో ఏడు పదో తరగతిలో పడుతుంది. అందుకే కొన్ని బళ్లు ఎనిమిది వాళ్లనే తీసుకుంటాయి. మీరు ఆలస్యం చేయకుండా బడి తెరిచిన వారంలోనే అడగండి.

కాగితాల్లో ఎక్కువగా ఇబ్బంది పెట్టేది పేరు. బడి రికార్డులో ఇంటిపేరు పొడి అక్షరంగా, ఆధార్‌లో పూర్తిగా, బ్యాంకు పాస్‌బుక్‌లో పేరు చివర ఉంటుంది. మూడింటిలో పేరు ఒకేలా లేకపోతే నమోదు ఆగుతుంది, యూనిఫాం డబ్బు ఖాతాలో పడదు. ముందుగా ఆధార్‌నూ బడి రికార్డునూ సరిచేయించి, తర్వాత ఖాతా తెరవండి.

ప్రశ్న: చేరగానే విమానం ఎక్కిస్తారా?
– ఎనిమిదో తరగతి విద్యార్థి, వరంగల్

ఆ ఆశతో చేరితే మొదటి నెలలోనే నీరసం వస్తుంది. మైక్రోలైట్ అనే చిన్న, తేలికపాటి విమానాల్లో శిక్షణ ప్రధానంగా కాలేజీ స్థాయి క్యాడెట్లకు. అదీ విమానం సిద్ధంగా ఉండి, వాతావరణం బాగుంటేనే. బడి క్యాడెట్లకు డ్రిల్, పాయింట్ 22 రైఫిల్, విమానం ఎగిరే సూత్రాలు, ఏరోమోడలింగ్ (నమూనా విమానాల తయారీ) ఉంటాయి.

ఏరోమోడలింగ్‌ను చిన్నచూపు చూడకండి. బాల్సా అనే తేలికైన చెక్కతో చేసి, చేత్తో విసిరే గ్లైడర్ (ఇంజన్ లేని విమానం) ఒకటి సరిగ్గా ఎగిరేలా చేస్తే పుస్తకంలోని సగం పాఠం అర్థమవుతుంది. చెక్క నార రెక్క పొడవునా సాగాలి. అడ్డంగా ఉంటే మొదటి విసురుకే రెక్క విరుగుతుంది. గ్లైడర్‌ను రెండు వేళ్ల కొసల మీద నిలబెట్టి చూడండి. రెక్క ముందంచు నుంచి వెడల్పులో సుమారు మూడో వంతు దగ్గర వేళ్లు ఆనిస్తే పడకుండా నిలవాలి. గాలి లేని పూట, గడ్డి మీద, భుజం ఎత్తులో, ముక్కు కాస్త కిందికి ఉంచి మెల్లగా వదలండి. ముక్కు పైకెత్తి, క్షణం ఆగి, దబ్బున కింద పడితే తోక బరువెక్కువని అర్థం. అలా ముక్కెత్తి పడిపోవడాన్నే స్టాల్ అంటారు. ముక్కుకు చిటికెడు మట్టి అంటించండి. విసరగానే నేలలోకి దూసుకుపోతే ఆ మట్టి కొంచెం తీయండి. ఒకే పక్కకు తిరుగుతుంటే వెనక నుంచి కన్ను పెట్టి చూడండి, రెక్క మెలి తిరిగి ఉంటుంది. చాలామంది తోక దగ్గర జిగురు ధారాళంగా పూస్తారు. తోక దూరంగా ఉంటుంది కాబట్టి అక్కడి కొద్దిపాటి బరువును సరిచేయడానికి ముక్కు దగ్గర అంతకు ఎన్నో రెట్లు పెట్టాల్సొస్తుంది. ఒకసారికి ఒక్క మార్పే చేయండి, లేకపోతే ఏది పనిచేసిందో తెలియదు.

ప్రశ్న: ‘ఏ’ సర్టిఫికెట్ వస్తే ఎయిర్‌ఫోర్స్‌లో ఉద్యోగమా?
– ఒక తండ్రి, నంద్యాల

కాదు. ‘ఏ’ బడి స్థాయిది. రెండేళ్లూ 75 శాతం పరేడ్ హాజరు, ఒక వార్షిక క్యాంపు, ఆపైన రాత, ప్రాక్టికల్ పరీక్షలు ఉంటాయి. ఎక్కువమందికి దెబ్బ పడేది క్యాంపు దగ్గరే. ట్యూషన్ పోతుందని ఇంట్లో పంపరు. దాంతో పరీక్షకు అర్హతే పోతుంది.

అసలు విలువ ‘సి’ సర్టిఫికెట్‌ది. కాలేజీ స్థాయిలో (సీనియర్ డివిజన్) ఎయిర్‌వింగ్ ‘సి’ ఉంటే ఎన్‌సీసీ స్పెషల్ ఎంట్రీలో రాత పరీక్ష లేకుండా నేరుగా ఏఎఫ్‌ఎస్‌బీ (ఎయిర్‌ఫోర్స్ ఎంపిక బోర్డు) ఇంటర్వ్యూకు వెళ్లొచ్చు. ఫ్లయింగ్ బ్రాంచిలో 10 శాతం సీట్లు ఇందుకే. అది డిగ్రీ దశలో మాట. కాబట్టి ఇంటర్, డిగ్రీ కాలేజీలు ఎంచుకునేటప్పుడు ఎయిర్‌వింగ్ ఉందా అని అడగండి. హాస్టల్ గదికీ క్లాసు గదికీ మధ్య నడిచే దారి కూడా లేని కార్పొరేట్ కాలేజీల్లో పరేడ్ గ్రౌండ్ వెతక్కండి. ఇంటర్‌లో ఎంపీసీ తీసుకోండి. ఎన్‌డీఏ (నేషనల్ డిఫెన్స్ అకాడమీ) ద్వారా ఎయిర్‌ఫోర్స్‌కు వెళ్లాలన్నా గణితం, భౌతికశాస్త్రం, రసాయనశాస్త్రం కావాలి. ఎన్‌డీఏకు 2022 నుంచి అమ్మాయిలనూ తీసుకుంటున్నారు.

ప్రశ్న: నాకు కళ్లజోడు ఉంది. చేరొచ్చా?
– ఓ విద్యార్థిని, కరీంనగర్

ఎన్‌సీసీకి కళ్లజోడు అడ్డు కాదు. ఎన్‌డీఏ నుంచి ఎయిర్‌ఫోర్స్ ఫ్లయింగ్ బ్రాంచికి మాత్రం మైనస్ పవర్ పనికిరాదు. గ్రౌండ్ డ్యూటీ బ్రాంచీలకు నిబంధనలు కొంత సడలింపుగా ఉంటాయి. పౌర విమానాల పైలట్లకు జోడు పెట్టుకుంటే చూపు 6/6కు వస్తే చాలు, రంగులు గుర్తించడం మాత్రం తప్పనిసరి. ఇప్పుడే ఒకసారి కంటి డాక్టరు దగ్గర కలర్ విజన్ పరీక్ష చేయించుకోండి. ఆ లోపం కళ్లజోడుతో పోదు, చాలామందికి ఇంటర్ అయిపోయాకే బయటపడుతుంది.

ప్రశ్న: మా తమ్ముడి కుటుంబం అమెరికాలో ఉంది. వాళ్ల అబ్బాయికి ఇలాంటిదేమైనా ఉందా?
– ఒక పాఠకుడు, ఏలూరు

ఉంది, సివిల్ ఎయిర్ పట్రోల్. 12 ఏళ్లు నిండి 19 నిండని పిల్లలు క్యాడెట్లుగా చేరొచ్చు. మొదట దగ్గరి స్క్వాడ్రన్ (స్థానిక శాఖ) సమావేశాలకు అతిథిగా రెండు మూడుసార్లు వెళ్లి చూడమంటారు. విమానం విషయంలో మనకంటే వాళ్లు ఉదారులు: క్యాడెట్‌కు ఇంజన్ విమానంలో 5, గ్లైడర్‌లో 5 పరిచయ ప్రయాణాలు ముందు సీట్లో ఉచితం. అక్కడి నిబంధన ప్రకారం 14 ఏళ్లకు గ్లైడర్‌నూ 16 ఏళ్లకు ఇంజన్ విమానాన్నీ ఒంటరిగా నడపొచ్చు, తగిన శిక్షణ పూర్తయి ఉంటే.